నిండు నెలల నొప్పి – సూది తొందర
(గ్రామ పంచాయతీ సభ్యుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల యెదుట రోడ్లను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు మాటలాడుట వాడుక. నేడు మేము కాన్పును గూర్చి మాటలాడ నెంచితిమి. ఇది ఇంటి లోపలి విషయము, పంచాయతీకి దీనితో పని యేమి యని మీలో కొందరికి తోచవచ్చును. 1992 సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి అను మూడును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కావున గడప దాటి రాని ఈ బాధయు మీ బాధ్యతలోనిదే.

నెలలు నిండుచున్న గర్భవతికి నడుము, తుంటి, పొత్తికడుపు తీవ్రముగ నొచ్చుట అరుదు కాదు. రాత్రి నిద్ర పట్టదు. మంచముపై ప్రక్కకు తిరుగుటయే గండముగ నుండును. నాలుగడుగులు వేయుటకు గోడ పట్టుకొనవలసి వచ్చును. అట్టి సమయమున ఇంటిలో రెండు మాటలు వినబడును. “మేము కనలేదా? అందరికీ ఉండేదే, ఓర్చుకో” అని యొకరందురు. “ఇంత బాధ ఎందుకు? ఒక సూది వేయిస్తే కాన్పయిపోతుంది” అని మరియొకరందురు. మొదటి మాట నొప్పిని తేలిక చేయుచున్నది. రెండవ మాట కాన్పును తేలిక చేయుచున్నది. రెండును ఆమెను పరీక్షింపకయే చెప్పిన తీర్పులు. నిండు నెలలలో తీవ్రమైన నొప్పి వచ్చినపుడు ముందు పరీక్ష జరుగవలయును, పిదపనే తీర్పు రావలయును. నేడు మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

పరీక్ష యెందుకన, నొప్పులన్నియు ఒక్క జాతివి కావు. గర్భము పెరిగినకొలది కటి ఎముకల కీళ్లు వదులగును. బరువు ముందునకు లాగును. అందువలన నడుము, తుంటి, తొడల మొదళ్లు నొచ్చును. ఈ నొప్పి తల్లిని మిక్కిలి బాధించినను బిడ్డకు హాని చేయదు. దొంగ నొప్పులు మరియొక రకము. కడుపు అప్పుడప్పుడు గట్టిపడి, క్రమము లేకుండ వచ్చి పోవును. నిజమైన పురిటి నొప్పులు క్రమముగ వచ్చుచు, రాను రాను దగ్గరపడుచు, బలపడుచు నుండును. ముప్పదియేడు వారములు నిండక మునుపే ఇట్టి నొప్పులు వచ్చినచో వెంటనే ఆసుపత్రికి పోవలయును.

ఇక గడియ యైనను ఆలస్యము చేయరాని నొప్పులు కలవు. కడుపు రాయివలె బిగిసి, విడువక నొచ్చుచు, రక్తము కనబడినచో మాయ ముందుగనే విడిపోవుచున్నదని శంకింపవలయును. ఒక్కొక్కప్పుడు రక్తము బయటకు రాకయే ఇది జరుగును. కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పితో బాటు తలనొప్పి, చూపు మసక, ముఖమున వాపు కలిగినచో రక్తపుపోటు పెరిగి గుర్రపు వాతమునకు దారి తీయవచ్చును. చలి జ్వరము, మూత్రమున మంట కలిగినచో మూత్రపిండములకు చీము పట్టియుండవచ్చును. పూర్వము పెద్ద ఆపరేషను జరిగిన స్త్రీకి ఆ కుట్ల చోట నొప్పి కలిగిన, పాత గాయము విచ్చునేమో చూడవలయును. ఉమ్మనీరు కారినను, బిడ్డ కదలికలు తగ్గినను తెల్లవారువరకు వేచియుండరాదు. ఇంటివారికి ఈ తేడాలు ఎల్లప్పుడును తెలియవు. రక్తపుపోటు చూచి, కడుపు తడిమి, బిడ్డ గుండె చప్పుడు విని, మూత్రము పరీక్షించిననే తెలియును.

ఈ సందర్భమున రెండు సూదులను గూర్చి హెచ్చరింపవలసి యున్నది. మొదటిది నొప్పి తగ్గించు సూది. ఒళ్లు నొప్పులకు ఊరిలో సామాన్యముగ వేయు డైక్లోఫినాక్ సూది నిండు నెలల గర్భవతికి తగదు. ఐబుప్రొఫెన్ బిళ్లలును అట్టివే. ఇవి కడుపులోని బిడ్డ గుండె దగ్గరి రక్తనాళమును కాలమునకు ముందే మూయగలవు, ఉమ్మనీటిని తగ్గింపగలవు. వైద్యుని సలహాతో పారాసెటమాల్ వాడుట మేలు.

రెండవది నొప్పులు వచ్చు సూది. దీని పేరు ఆక్సిటోసిన్. గేదెలు పాలు చేపుటకు కొందరు అక్రమముగ వాడు మందు ఇదియే. 1906లో ఇంగ్లండులో హెన్రీ డేల్ ఈ పదార్థమునకు గర్భసంచిని ముడిచెడి గుణము కలదని కనుగొనెను. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో దీనిని ప్రయోగశాలలో తయారు చేసెను; ఆయనకు 1955లో నోబెల్ బహుమానము లభించినది. బిడ్డ పుట్టిన వెంటనే ఇచ్చినచో ఇది తల్లి రక్తస్రావమును ఆపి ప్రాణము నిలుపును. అదే సూదిని బిడ్డ కడుపులో నుండగా ఇంటివద్ద కండకు వేసినచో, దాని వేగమును తగ్గించు ఉపాయము లేదు. గర్భసంచి ఎడతెగక బిగిసిపోయి బిడ్డకు ప్రాణవాయువు అందదు. ఒక్కొక్కప్పుడు గర్భసంచియే పగులును. ఆసుపత్రిలో దీనిని సెలైనులో కలిపి, చుక్కలు లెక్కించి, బిడ్డ గుండె చప్పుడు వినుచు ఇత్తురు. నొప్పులు మితిమీరినచో వెంటనే ఆపుదురు. మందు ఒక్కటే యైనను చోటు మారిన ఫలము మారును. వైద్యుని చీటీ లేక దీనిని అమ్ముట చట్టవిరుద్ధము.

అట్లని నొప్పులు తెప్పించి కాన్పు చేయుట యెల్లయు చెడ్డదని మేము చెప్పుట లేదు. రక్తపుపోటు పెరిగినపుడు, ఉమ్మనీటి సంచి పగిలియు నొప్పులు రానపుడు, బిడ్డ ఎదుగుదల ఆగినపుడు, మధుమేహము అదుపులో లేనపుడు, గడువు దాటినపుడు ఇది తల్లీ బిడ్డలను కాపాడు చికిత్స. గర్భసంచి ముఖద్వారమును మెత్తపరచు మందు ఇచ్చియో, చిన్న రబ్బరు బుడగను ఉంచియో, ఉమ్మనీటి సంచిని చిదిపియో, ఆక్సిటోసిన్ ఎక్కించియో దీనిని చేయుదురు. పని ముగియుటకు ఒక దినము, ఒక్కొక్కప్పుడు రెండు దినములు పట్టును. ఇట్లు తెప్పించిన నొప్పులు సహజమైన వానికంటె తీవ్రముగ నుండవచ్చును. ఫలింపనిచో పెద్ద ఆపరేషను అవసరమగును. అందుచేతనే ఆపరేషను సౌకర్యము గల చోట దీనిని చేయుట శ్రేయము.

ఏ కారణమును లేని ఆరోగ్యవతికి 41 వారములు నిండకమునుపు నొప్పులు తెప్పింపవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అమెరికాలో 2018లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో, తొలిచూలు స్త్రీలు ఆరు వేలమందికి పైగా పాల్గొనిరి. 39వ వారమున నొప్పులు తెప్పించినవారిలో ఆపరేషనులు నూటికి 18.6, వేచియున్నవారిలో 22.2 అని తేలినది. ఇది సకల సౌకర్యములు గల ఆసుపత్రులలోని మాట. 39 వారములకు ముందు తొందరపడుటకు ఇది ప్రమాణము కాదు. ఆ కడపటి వారములలో బిడ్డ ఊపిరితిత్తులు, మెదడు పరిపక్వమగుచుండును. ముందుగ పుట్టిన బిడ్డకు ఊపిరాడుట, పాలు త్రాగుట కష్టమగును, పచ్చకామెర్లు వచ్చును.

వారముల లెక్క సరిగ నుండుటయు ముఖ్యమే. “సంక్రాంతి ముందు నెల తప్పినది” అను గురుతుతో మూడు నాలుగు వారములు తేడా రావచ్చును. మొదటి మూడు నెలలలో తీసిన స్కానింగు కాగితము ఈ లెక్కకు ఆధారము. పురిటికి పుట్టింటికి పోవు పడుచు చీర సారెలతో బాటు ఆ కాగితమును, మాతా శిశు సంరక్షణ కార్డును తీసికొని పోవలయును. మంచి ముహూర్తమున బిడ్డ పుట్టవలెనని ముందుగనే కడుపు కోయించు వాడుకయు మనలో ప్రబలినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెద్ద ఆపరేషనుతో జరిగిన కాన్పులు దేశమున నూటికి 21.5, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7. ఇందులో ప్రాణరక్షణకై చేసినవియు కలవు. అన్నియు అట్టివేనా యని ప్రతి ఇంట ఆలోచింపవలయును.

పరీక్షలో ప్రమాదమేమియు లేదని తేలినను నొప్పి నిలిచియే యున్నచో ఏమి చేయవలయును? ఆమె చెప్పుమాట నమ్ముట మొదటి పని. బిందెలు మోయుట, బరువులెత్తుట మాన్పింపవలయును. ప్రక్కకు పరుండి మోకాళ్ల నడుమ దిండు ఉంచుకొనినచో తుంటికి సుఖము. చీర కట్టుకొనునపుడు కూర్చుండుటయు, మెట్లు ఒక్కొక్కటిగ ఎక్కుటయు మంచివి. నడుముకు వేడినీటి కాపడము పెట్టవచ్చును. నడుము పట్టీని, వ్యాయామములను వైద్యులు చూపుదురు. ఇవన్నియు చేసినను భరింపరానిదైనచో, 39 వారములు నిండిన పిదప నొప్పులు తెప్పించుటను గూర్చి వైద్యునితో ఆలోచింపవచ్చును. లాభనష్టములు రెండును ఆమెకు తెలియజెప్పవలయును. అత్తగారు, తల్లి, భర్త సలహా చెప్పవచ్చును. సమ్మతి మాత్రము ఆమెదే.

ఇక మీరు చేయదగిన పనులు కొన్ని. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పౌష్టికాహార కమిటీ సమావేశమున, ఆ నెలలో నెలలు నిండువా రెందరని ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడుగుడు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచితముగ పరీక్షలు జరుపు ఏర్పాటు 2016 నుండి కలదు. ఆ దినమున ఎవరును ఇంట మిగులకుండ చూడుడు. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, భోజనము, ప్రయాణము ఉచితమని చాటింపు వేయింపుడు. 108 బండి వచ్చు దారిలో గుంతలు పూడ్పింపుడు; బండి రాలేని వాడలకు, రాత్రివేళ అక్కరకు వచ్చు వాహనము నొకదానిని ముందుగ మాటలాడి యుంచుడు. కుళాయి దూరముగ నున్న ఇంటి గర్భవతికి నీరందు ఉపాయము చేయుడు. మందుల దుకాణముల వారిని, ఊరి ఆర్.ఎం.పి.లను పిలిచి, గర్భవతికి ఆ రెండు సూదులును వేయరాదని గట్టిగ చెప్పుడు. మాట వినని వారిని గూర్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి తెలుపుడు.

సభ్యులారా, ఈ పనులలో పెక్కింటికి పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. ఒక రాత్రి మీ వాడలో ఒక పడుచు నొప్పితో మూలుగుచున్నదని తెలిసినపుడు, ఓర్చుకొమ్మనుటకును, సూది వేయించుటకును ముందు, ఆమెను పరీక్షింపగల చోటికి చేర్చు మనిషి ఊరిలో నుండవలయును. ఆ మనిషి ఎవరో, బండి ఎవరిదో మీ తదుపరి సమావేశముననే నిర్ణయించి, ఆ పేర్లను అంగన్వాడీ గోడపై వ్రాయింపవలసినదిగ మిమ్ము కోరుచున్నాము.