ఆ కార్డు మగవాళ్ళమూ చదవాలి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళమే గాని డాక్టర్లం కాము. అయినా గర్భిణుల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగితే కాదనలేకపోయాం. కారణం, మా ఇంట్లో జరిగిన తప్పే.

మా మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ మా ఇంటావిడకు ఒక కార్డూ, ఐరన్ మాత్రలూ ఇచ్చింది. కార్డు తెలుగులో ఉంది. ఆవిడ చదివింది ఉర్దూ. మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోందని ఇంట్లో పెద్దవాళ్ళు భయపడి వాటిని అటక మీద పెట్టేశారు. ఊళ్ళో పిల్లల ప్రోగ్రెస్ కార్డులన్నీ రాసే మేము ఆ కార్డు ఒక్కసారైనా విప్పి చూడలేదు. ఎనిమిదో నెలలో రక్తం 7 గ్రాములకు దిగిందన్నారు. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు, అల్ హమ్దులిల్లాహ్. కాని ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మేము పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇది మా ఒక్క ఇంటి మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశపు గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. మూడు నెలలు నిండకముందే పేరు రాయించాలి. కాన్పులోగా కనీసం నాలుగుసార్లు బరువు, బి.పి., రక్తం, మూత్రం చూపించుకోవాలి. ధనుర్వాతం సూదులు వేయించాలి. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, 180 రోజులు. నల్లని విరేచనం ఆ మందు గుణమే, భయం లేదు. మాత్రకూ చాయ్‌కీ గంటైనా తేడా ఉండాలి, లేకుంటే ఒంటబట్టదు. జర్దా పాన్, గుట్కా మానాలి. మట్టి, బలపాలు తినబుద్ధవుతుంటే నర్సమ్మతో చెప్పాలి, అది తరచు రక్తహీనతకు గుర్తు.

రంజాన్‌లో రోజా ఉంటే తనకో బిడ్డకో హాని అని భయమున్న గర్భిణికి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. ఆమెను దెప్పకండి. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినే కోడలికి పప్పు, ఆకుకూర, గుడ్డు, ఖీమా ముందు వడ్డించండి.

తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం వాపు, రక్తస్రావం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం — వీటిలో ఏది కనిపించినా తెల్లవారనిద్దాం అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

సోదరులారా! పురిటికి పుట్టింటికి పంపేటప్పుడు బట్టలతోపాటు ఆ కార్డూ పంపండి. ఈ రాత్రే ఇంట్లో అడిగి తీసుకోండి, ఉర్దూలో చదివి వినిపించండి. తెలుగు చదవడం రానివారు బడికి తీసుకురండి, మేము చదివి చెబుతాం. మా ఇంట్లో చేయని పని మీ ఇంటికైనా చేస్తాం.

ఖుదా హాఫిజ్.