అడవి కాచిన వెన్నెల ఎవరికి వృథా?

(పద్మారావు నగర్, సికింద్రాబాద్‌లో సంఘ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం, నల్లగొండ వైపు నుంచి ఉద్యోగాల కోసం, చదువుల కోసం వచ్చి ఈ పద్మారావు నగర్, చిలకలగూడ, వారాసిగూడ ప్రాంతాల్లో స్థిరపడ్డ కుటుంబాలు మనవి. మన పిల్లలు బడిలో తెలుగు పద్యాలు చదువుతున్నారు. కంఠస్థం చేస్తారు, ప్రతిపదార్థం రాస్తారు, అలంకారం పేరు చెబుతారు. "ఇంతకీ కవి ఏమంటున్నాడు?" అని అడిగితే మాత్రం గైడు వైపు చూస్తారు. అలంకారాలు పుస్తకంలోవి, మన ఇంట్లో లేనివి అన్న బెరుకు వాళ్లలో ఉంది. వాళ్లతో కూర్చుని పాఠాలు చదివించే మేము ఆ బెరుకు పోగొట్టడం గురించే నాలుగు మాటలు చెప్పదలిచాం.

మన తుడుంనే తీసుకుందాం. "తుడుం మోత ఉరుములా గంభీరంగా ఉంది" అన్నామనుకోండి. తుడుం మోత ఉపమేయం, ఉరుము ఉపమానం, "లా" ఉపమావాచకం, గంభీరంగా ఉండటం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇది ఉపమాలంకారం. "తుడుం మోత అనే ఉరుము ఊరిని లేపింది" అంటే రెండింటికీ తేడా లేదని చెప్పినట్టు, అది రూపకం. "మబ్బులే గూడెంలోకి దిగివచ్చాయా అన్నట్టుంది" అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. "ఆ మోతకు కొండలు కదిలాయి" అని పెంచి చెబితే అతిశయోక్తి. ఏ పోలికా లేకుండా, తుడుం వాయించేవాడి భుజం ఎలా ఊగింది, పుల్ల ఎలా లేచి పడింది అని ఉన్నదున్నట్టు కళ్లకు కట్టిస్తే స్వభావోక్తి. తుడుం ఒక్కటే, చెప్పే తీరులు ఐదు. పిల్లలకు ఇలా చెప్పి చూడండి, లక్షణాలు బట్టీ పట్టే అవసరం ఉండదు.

అయితే పేరు గుర్తుపట్టడంతో పని పూర్తి కాదు. ఆ పోలిక అక్కడ ఏం పని చేస్తోందో తెలియాలి. ఉప్పూ కర్పూరమూ చూపుకు ఒక్కలాగే ఉంటాయని, రుచి చూస్తేనే తేడా తెలుస్తుందని చెప్పే వేమన పద్యం మన పిల్లలందరికీ వచ్చు. అది చెబుతున్నది ఉప్పు సంగతి కాదు, మనుషుల సంగతి. పద్యంలో ఉన్న మాటలను మన మాటల్లో చెబితే అది తాత్పర్యం. "మనిషిని పైరూపంతో కొలవకూడదు" అన్నది దాని వెనక నిలబడ్డ ఇతివృత్తం. ఉప్పు, కర్పూరం అన్న దృష్టాంతం ఈ రెండింటినీ కలిపే వంతెన. వేమన ఇంట్లో ఉండే వస్తువులనే ఎందుకు తీసుకున్నాడు? వినేవాడు తన చేత్తో పరీక్షించి చూసుకోవాలని. ఈ మాట పిల్లవాడి నోట వచ్చిన రోజు పద్యం అర్థమైనట్టు.

శతక పద్యం చివర వచ్చే మకుటం కూడా మనకు కొత్తది కాదు. మన పాటల్లో ఒకరు అందుకుంటే పదిమంది పలికే పల్లవి ఉంటుంది కదా, మకుటమూ అలాగే మళ్లీ మళ్లీ వచ్చి పద్యాలను ఒక్క తాటి మీద నిలుపుతుంది, గుర్తుండేలా చేస్తుంది. కీక్రి వాయిస్తూ గోండు గాథలు పాడే పర్ధాన్‌లు, డోలి కొట్టి సమ్మక్క సారలమ్మల కథ చెప్పే కోయ కళాకారులు అంత పొడవైన గాథలను తరతరాలుగా మోసుకొచ్చింది ఈ పునరుక్తి బలంతోనే. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం నోటి సాహిత్యానికి దక్కిన గౌరవం.

ఇక అసలు విషయానికి వద్దాం. జాతీయాల పాఠంలో "అడవి కాచిన వెన్నెల" ఉంటుంది. వృథా అయిపోయినది అని అర్థం. "అరణ్య రోదన" ఉంటుంది. ఎవరూ వినని మొర అని అర్థం. పరీక్షలో ఈ అర్థాలే రాయాలి, అందులో సందేహం లేదు. కానీ ఒక్క క్షణం ఆగి పిల్లలను అడగండి: అడవిలో వెన్నెల ఎవరికి వృథా? ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారకముందే బుట్ట పట్టుకుని వెళ్లే అమ్మలకు దారి చూపేది ఆ వెన్నెలే. గూడెం నడుమ ఆటపాటలు సాగేది ఆ వెన్నెల్లోనే. అడవిలో కేక వేస్తే అవతలి గూడెం నుంచి మారుకేక వస్తుంది. "అక్కడ ఎవరూ లేరు" అని జాతీయం అనుకున్న చోటే మన తాతముత్తాతలు ఉన్నారు.

ఇది తెలుగు మీద కోపం కాదు. తెలుగు మన పిల్లలకు అన్నం పెట్టే భాష, మనలో చాలామందికి ఇంటి భాష కూడా. మేము చెప్పేది ఒక్కటే: ప్రతి పోలిక వెనకా ఒక మనిషి నిలబడి చూసిన చోటు ఉంటుంది. ఊళ్లో నిలబడి చూసినవాడికి అడవి శూన్యం, గూడెంలో నిలబడి చూసినవాడికి అది ఇల్లు. ఆ చోటును గుర్తుపట్టడమే కవిత్వం చదవడంలో పై మెట్టు. అది తెలియని పిల్లవాడు అర్థంతో పాటు తన ఇల్లు శూన్యమన్న మాటను కూడా తెలియకుండానే బట్టీ పడతాడు.

బడినీ ఇంటి మాటనూ కలపడం కొత్త ఆలోచనేమీ కాదు. 1943లో మార్లవాయిలో హైమెండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. ఆనాడు కొండల నడుమ చేయగలిగిన పనిని ఈనాడు నగరంలో మన ఇళ్లలో చేయలేమా?

అందుకని పెద్దలకు ఒక మనవి. సెలవులకు ఊరెళ్లినప్పుడు నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఒక్క పాట పిల్లల చేత తెలుగు లిపిలో రాయించండి. పాఠ్యపుస్తకంలోని పద్యాన్ని పక్కన పెట్టి రెండింటికీ మూడు ప్రశ్నలు వేయించండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? దేన్ని దేనితో పోల్చారు, దానితోనే ఎందుకు? ఆ పోలిక తీసేస్తే ఏం పోతుంది? నానమ్మ పాటలో ఉపమ దొరికిన పిల్లవాడు పుస్తకంలో ఉపమకు భయపడడు. పైగా ఆ పాట ఇంకో తరం బతుకుతుంది. పాడేవాళ్లు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.