ఆరుబయట కచేరీ

ఆరుబయట పాడితే సంగీతం పలచబడుతుందని కొందరు రసికుల అభిప్రాయం. అది సగమే నిజం. హాల్లో గోడలూ పైకప్పూ నాదాన్ని మన చెవికి తిప్పి పంపుతాయి. బయట ఆ ఆసరా ఉండదు. దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మెత్తగా పలికే వీణ అక్కడ వినబడకపోవడంలో వింతేముంది? నాదస్వరం సంగతి వేరు. నోట పెట్టుకునే జంట రెల్లు రేకులు, కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే గొట్టం, చివర విచ్చుకున్న మూతి, ఇవన్నీ మాడవీధి పొడవునా వినిపించడానికి అమరినవే. అంత గట్టి వాద్యంలో సున్నితమైన గమకాలు పలుకుతాయా అంటారేమో. వేలితో రంధ్రాన్ని సగం మూసి, పెదవుల ఒత్తిడి మార్చి విద్వాంసులు చేసేది ఆ పనే. నేటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా ఆలాపన విన్నవారికి ఈ సందేహం రాదు.

వేలమంది వచ్చిన చోట మైకు లేకుండా ఎలా? న్యాయమైన ప్రశ్నే. నా పేచీ మైకుతో కాదు, వేదిక పక్కనే ఎత్తుగా పేర్చే స్పీకర్లతో. ముందు వరుసవాళ్ల చెవులు గింగురుమంటాయి, వెనకవాళ్లకు సాహిత్యం అర్థం కాదు. చిన్న స్పీకర్లను జనం మధ్య అక్కడక్కడా పెడితే తక్కువ మోతతోనే అందరికీ వినబడుతుంది. కాకపోతే ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది గనక, వెనక స్పీకర్లను ఆ మేరకు ఆలస్యంగా పలికించాలి. లేదంటే ఒకే స్వరం రెండుసార్లు వినిపిస్తుంది.