ఉండిపోయేవారిని దీవించండి

  నేటి ధ్యానము కొరకు నెహెమ్యా గ్రంథము 11వ అధ్యాయము మొదటి రెండు వచనములు తీసుకుందాం. బైబిలు దగ్గరుంటే తెరచి ఉంచుకోండి.

సందర్భం మీకు తెలుసు. క్రీ.పూ. 445 ప్రాంతంలో నెహెమ్యా పారసీక రాజు దగ్గర షూషను కోటలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. తన పితరుల పట్టణము పాడైపోయిందని విని ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, సెలవు అడిగి వచ్చాడు. 52 దినములలో గోడ పూర్తయింది. మనం సాధారణంగా ప్రసంగం అక్కడితో ముగిస్తాం. కానీ 7వ అధ్యాయము 4వ వచనము చూడండి. పట్టణము విశాలమైనదే గాని, లోపల జనము కొద్దిమందే. ఇండ్లు ఇంకా కట్టలేదు.

గోడ ఉంది, మనుషులు లేరు! అందుకే పదిమందిలో ఒకరు వచ్చి యెరూషలేములో కాపురముండాలని చీట్లు వేశారు. కొందరు మాత్రం తమంతట తామే, సంతోషంగా ఒప్పుకున్నారు. అప్పుడు ప్రజలు ఆ ఉండడానికి ఒప్పుకున్నవారిని దీవించారు.

ప్రియులారా, ఈ మాట నాకు ఒక తల్లి ద్వారా అర్థమైంది. తాండూరు దగ్గర కరణ్‌కోట వైపు ఒక చిన్న సంఘములో ఆదివారం ఆరాధన జరుగుతోంది. ఒక యౌవనస్థునికి విదేశీ వీసా వచ్చింది. నేను అతనిని ముందుకు పిలిచి, పెద్దలతో కలిసి తల మీద చేతులుంచి ప్రార్థించాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆరాధన అయ్యాక ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఆమె కుమారుడు కూడా ఇంజనీరింగు చదివాడు. తిరిగి వచ్చి బండల పాలిషింగు యూనిట్లో యంత్రాల పని చూస్తున్నాడు, సాయంత్రాలు పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ఆమె మెల్లగా అడిగింది: "అయ్యగారూ, పోయెటోళ్లకేనా ప్రార్థన? ఉన్నోళ్లకు లేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఎన్నో సంవత్సరాలుగా వెళ్లేవారి కోసం ప్రార్థించాను. ఉండిపోయినవాడిని, ఏదీ దొరకక ఉండిపోయాడన్నట్టు చూశాను. ఆ తప్పు నాది. మీ సంఘములో కూడా ఇలాగే జరుగుతోందేమో, ఒకసారి ఆలోచించండి.

యౌవనస్థులారా, మన కాళ్ల కింద ఏముందో చూడండి. కరణ్‌కోటలో సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉంది. దాని సామర్థ్యం ఏటా 10 లక్షల టన్నులు. సిమెంటుకు మూలం మన నేలలోని సున్నపురాయి. ఇండ్లలో పరిచే తాండూరు బండలూ సున్నపురాయే. పైన నల్లరేగడిలో కంది పండుతుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వికారాబాదులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రసాయన శాస్త్రం చదివినవారు, యంత్రాలు తెలిసినవారు, లెక్కలు వ్రాయగలవారు, నర్సులు, వైద్యులు, అందరికీ ఇక్కడ పని ఉంది. కందిని గింజగానే అమ్ముకోకుండా పప్పు చేసి, మంచి సంచిలో పెట్టి, మంచి ధరకు అమ్మించగల చదువరులు రైతుకు కావాలి. బండలు కోసిన బురదను, దుమ్మును ఏం చేయాలో ఆలోచించే ఇంజనీరు ఈ ఊరికి కావాలి.

అయితే ఒక్క కర్మాగారం మీదనే ఆశ పెట్టుకోవద్దు. అదే సంస్థకు చెందిన ఆదిలాబాదు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయి చాలా సంవత్సరాలైంది. నెహెమ్యా 3వ అధ్యాయములో ఎవరికి వారు తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడను బాగుచేశారు. మీ ఇంటి ఎదురుగా పడిపోయి ఉన్నది ఏమిటి? దానికి మీ చదువు పనికివస్తుందా? ఉద్యోగం వెదికేముందు ఈ ప్రశ్న వేసుకోండి.

అందరూ ఇక్కడే ఉండాలని నేను చెప్పడం లేదు. దానియేలు బబులోనులోనే దేవుని సేవించాడు. నెహెమ్యా కూడా మధ్యలో రాజు దగ్గరికి తిరిగి వెళ్లాడు. అప్పులు తీర్చడానికి, చెల్లెలి పెండ్లికి బయలుదేరినవారిని నిందించవద్దు. పదిమందిలో ఒకరు అన్నారు గాని పదిమందీ అనలేదు. ఆ ఒక్కరు మీరేనేమో ప్రభువును అడగండి.

పనిలో పెట్టుకునే విశ్వాసులారా, మీతోనూ ఒక మాట. 5వ అధ్యాయములో బీదలు తమ పొలాలు కుదువపెట్టి మొరపెట్టారు. నెహెమ్యా ధనవంతులను గద్దించి పొలాలను, వడ్డీని తిరిగి ఇప్పించాడు. ఉండమని చెప్పి సగం జీతం ఇస్తే, అదీ నెల దాటాక ఇస్తే, దుమ్ములో ముఖానికి గుడ్డ కూడా ఇవ్వకపోతే, ఆ బిడ్డ మరుసటి రోజే హైదరాబాదు రైలెక్కుతాడు. తప్పు అతనిది కాదు. ఆడపిల్లలు పని ముగించుకొని చీకటి పడకముందే భయం లేకుండా ఇల్లు చేరగలగాలి. అది కూడా గోడ కట్టడమే.

తల్లిదండ్రులారా, సంబంధం చూసేటప్పుడు "అబ్బాయి హైదరాబాదులోనా, అమెరికాలోనా?" అని మొదటి ప్రశ్న వేయకండి. సంఘ పెద్దలారా, వచ్చే ఆదివారం ఊరిలోనే పని చేసుకుంటున్న యౌవనస్థులను ముందుకు పిలవండి, పేరుపేరునా ప్రార్థించండి. ఆ తల్లి అడిగిన మరుసటి ఆదివారం నేను ఆమె కుమారుని పిలిచాను. సిగ్గుపడుతూ వచ్చి మోకరించాడు. ఈసారి చప్పట్లు లేవు. వెనుక వరుసలో ఆ తల్లి కళ్లు తుడుచుకుంటోంది.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మమ్ములను ఈ నేలలో నాటినందుకు స్తోత్రము. వెళ్లినవారిని కాపాడుము. ఉన్నవారికి పని, గౌరవము, ఓపిక దయచేయుము. వారిని దీవించుటకు మా నోళ్లు తెరువుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.