పెరటి మొక్కలు - పెంపుడు జంతువులు



ఇంటి ముంగిట పూలమొక్క లుండుట కన్నులపండువు. అయినను ఆ యింట కుక్కపిల్లయో, పిల్లియో, ఆవుదూడయో పెరుగుచున్నచో, మొక్కను నాటుటకు ముందే దాని గుణము నెఱుగవలెను. మూగజీవి తన బాధను చెప్పుకొనజాలదు గదా!

పూజకై మన మాదరించు గన్నేరు ఆకు మొదలు వేరు వఱకు విషమే. గుండె నడకను చెఱచును. ఎండినను ఆ విషము పోదు. పచ్చియాకును చేదని విడిచిన పశువు దొడ్డిలో పడియున్న యెండుటాకును తినవచ్చును. కావున నఱికిన కొమ్మలను పశువుల కందని చోట పూడ్చవలెను.

పిల్లి గల యింట లిల్లీ తగదు. మన అంగళ్లలో ఆ పేర నమ్ము నేలసంపెంగ వేఱు. నేను చెప్పునది బాకావంటి పెద్దపూలు పూయు నిజమైన లిల్లీ. ఒంటిపై పడిన పుప్పొడిని నాకినను, పూలకుండలోని నీటిని త్రాగినను పిల్లి మూత్రపిండములు చెడిపోవచ్చును.

మనీప్లాంటును నమిలినచో సూదులవంటి స్ఫటికములు నోట గ్రుచ్చుకొని చొంగ కారును. అందమునకై పెంచు సైకస్ గింజ కుక్క కాలేయమును పాడుచేసి ప్రాణమునే తీయగలదు.

మఱి యేమి నాటవలెను? గులాబి, మల్లె, ఎఱ్ఱమందారము పెరటికి మేలు. ఇంటిలోపలికి అరెకా పామ్ మేలు.

అనుమానము కలిగినచో లక్షణములకై వేచియుండక, నమిలిన కొమ్మను వెంటగొని వెంటనే పశువైద్యునికడకు పోవలెను. వైద్యుడు చెప్పనిదే వాంతి చేయింపరాదు. మన ముచ్చట మనలను నమ్మిన ప్రాణికి ముప్పు కాకుండుగాక!