కొత్త సేద్యగాడికి భూమి: మెట్ట నెల్లూరులో కౌలు కాగితం

జలదంకి, కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు కొత్తగా సేద్యంలోకి దిగేవారికి భూమి చిక్కే దారులు మూడు: కొనడం, ప్రభుత్వ పట్టా పొందడం, కౌలుకు తీసుకోవడం.

కొనేవారికి ధర కన్నా ముందు కాగితమే పరీక్ష. అడంగల్ (సాగు రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు), ఈసీ (భూమి లావాదేవీల పత్రం) చూడాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22-ఎ జాబితాలో లేదని రూఢి చేసుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూమి బదిలీని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. 2023లో, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే సడలింపు ఇచ్చారు. 2024లో అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఇంత అనిశ్చితిలో కూడబెట్టిన డబ్బంతా అలాంటి భూమి మీద పెట్టడం తగదు. పాత రికార్డులో యజమాని గడిలో పేరుకు బదులు చుక్కలున్న 'చుక్కల భూముల' చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

కాబట్టి చేతిలో పెట్టుబడి, ప్రభుత్వ పట్టా లేని యువ రైతుకు మిగిలేది కౌలే. మాట మీద నడిచే ఒప్పందం, ఏడాదికోసారి మారే పొలం. ఈ మెట్టలో వానలు తప్పితే నష్టం సేద్యం చేసినవారిదే. పంట రుణం, బీమా, నష్టపరిహారం మాత్రం పట్టాదారు పాస్‌బుక్‌లో ఉన్న పేరు వెంట పోతాయి. పొగాకు వేయాలంటే మరో అడ్డు ఉంది. కలిగిరి వేలం కేంద్రంలో అమ్ముకోవడానికి పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్, ఆకు కాల్చే బ్యారన్ కావాలి. పొలంతోపాటు వాటినీ సమకూర్చుకోవాలి.

కౌలుదారుకు రుణార్హత కార్డు ఇచ్చే చట్టం 2011లో వచ్చింది. దాని కింద యజమాని సంతకం తప్పనిసరిగా ఉండేది కాదు. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తుంది, కానీ యజమాని ఒప్పుకోవాలి. అసలు ముడి ఇక్కడే ఉంది. కార్డు వల్ల యాజమాన్య హక్కు రాదని చట్టమే చెబుతున్నా, యజమానుల భయం పోలేదు. కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టిన 1956 కౌలు చట్టపు జ్ఞాపకం పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. సంతకం అడిగితే మరుసటి ఏడు పొలం ఇవ్వరేమోనని కౌలుదారు నోరు మెదపడు.

గడువు తక్కువ కావడం వల్ల మరో నష్టం కూడా ఉంది. పదకొండు నెలల రైతు పశువుల ఎరువు తోలి నేలను బాగుచేయడు. నిమ్మ, మామిడి లాంటి ఏళ్ల తరబడి పెంచే తోటల జోలికి అసలే పోడు. నేల సారం తగ్గే కొద్దీ ఆ నష్టం యజమానికే చేరుతుంది.

సంతకం షరతును తొలగించి, పొలంలో నిజంగా సేద్యం చేస్తున్నదెవరో గ్రామసభలో విచారించి కార్డు ఇవ్వాలి. ఇరుపక్షాలూ ఇష్టపడి రాసుకునే మూడు నుంచి ఐదేళ్ల ఒప్పందాలకు చట్టబద్ధత కల్పించాలి. ఇది జరిగేదాకా జలదంకి మెట్టలోని భూయజమానులు తమ కౌలుదారుల కార్డు మీద సంతకం పెట్టాలి; ఆ సంతకం వల్ల వారి భూమిలో సెంటు కూడా పోదు.