సంచి మీది చీటీ చదువుదాం



తొలకరి పడిందంటే మనందరికీ ఒకటే ఆలోచన. ఈసారి ఏ వరి వేద్దాం? పక్క చేను బాగా పండితే మనకూ అదే విత్తనం కావాలంటాం. కాని ఆ చేను తూము దగ్గర ఉంది. మన చేను కాలువ చివర ఉంది. మరి ఒకే రకం ఇద్దరికీ కుదురుతుందా?

మన వైరా రిజర్వాయరు నిజాం కాలంలో కట్టింది. దాని కింద పై మడికి నీరు ముందు అందుతుంది. చివరి మడికి ఆలస్యంగా అందుతుంది. అందుకే మొదట పంటకాలం చూడాలి.

సాంబమసూరి అన్నం రుచి మనకు తెలుసు. బీపీటీ 5204 అన్నా అదే. బాపట్లలో తయారై 1986లో వచ్చింది. కోతకు రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. జూన్‌లోనే నారు పోయాలి. ఆలస్యం చేస్తే చలిలో ఈనుతుంది. తాలు ఎక్కువవుతుంది. అగ్గితెగులు, ఎండాకు తెగులు బెడద కూడా ఉంది.

తెలంగాణ సోనా కూడా సన్నగింజే. రాజేంద్రనగర్‌లో తయారైంది. సంచి మీద ఆర్.ఎన్.ఆర్. 15048 అని ఉంటుంది. ఇది 125 రోజుల పంట. అగ్గితెగులును తట్టుకుంటుంది. జులైలో నారు పోసినా ఫరవాలేదు. కాని యూరియా ఎక్కువ వేస్తే చేను పడిపోతుంది. చివరి మడి వాళ్లకు ఇలాంటి తక్కువ రోజుల రకమే మేలు. 25 రోజుల నీళ్లు మిగులుతాయి.

ఇదివరకు దుకాణంలో ఏది చెబితే అదే నమ్మేవాళ్లం. ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. సంచికి కుట్టిన చీటీ చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, గడువు తేదీ నాలుగూ చూడాలి. రసీదు అడిగి తీసుకోవాలి. చీటీ, రసీదు, ఖాళీ సంచి పంట ఇంటికి వచ్చేదాకా దాచాలి. విత్తనం మోసం చేస్తే అవే మనకు సాక్ష్యం.

నారు పోయకముందే వంద గింజలు తడిగుడ్డలో చుట్టి ఉంచండి. గుడ్డ ఆరనీయకండి. వారం తర్వాత మొలకలు లెక్కపెట్టండి. 80కి తగ్గితే ఆ విత్తనం వద్దు.

కొత్త రకమైతే మొదటి ఏడు అర ఎకరంలోనే వేసి చూడండి. అనుమానం ఉంటే వైరాలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లి అడగండి. అడగడానికి సిగ్గెందుకు? అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టేది మనమే. విత్తనం తప్పితే ఏడాది కష్టం పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

విత్తనం కొనే రోజు మగవాళ్లే వెళ్లాలని లేదు. చదవడం వచ్చిన అక్క కూడా వెంట వెళ్లాలి. చీటీ చదివాకే డబ్బు తీయాలి.